దిక్కుల పాఠము: తిరుగు మాటలు, నిలుచు మాటలు

ప్రాథమిక పాఠశాలలలో దిక్కులను గురించి చెప్పు పాఠము ఒకటి కలదు. అది తరతరములుగా ఇంచుమించు ఒకే రూపమున నడచుచున్నది. ఉదయించు సూర్యునికి అభిముఖముగా నిలువబడినచో ముఖమునకు ఎదురుగా నున్నది తూర్పు, వీపు వైపునది పడమర, ఎడమచేతి వైపునది ఉత్తరము, కుడిచేతి వైపునది దక్షిణము అని దాని సారాంశము. ఉపాధ్యాయుడు చేతులు చాచి చూపును. పిల్లలును చేతులు చాచి వల్లింతురు. పరీక్షలో ఖాళీలు పూరింపుమన్నచో తడుముకొనక పూరింతురు. పాఠము వచ్చినదని అందరును తలంతురు.

నిజముగా వచ్చినదో లేదో తెలిసికొనుటకు ఒక చిన్న పరీక్ష చాలును. పిల్లవానిని తూర్పు మొగముగా నిలిపి తూర్పు ఏదని అడుగవలెను. వాడు చూపిన పిదప వానిని పడమటి వైపునకు త్రిప్పి నిలిపి, అదే ప్రశ్న మరల అడుగవలెను. అప్పుడు వెనుకకు తిరిగి చూపినచో వానికి తూర్పు తెలిసినది. మరల ఎదుటికే చేయి చాచినచో వానికి తెలిసినది తూర్పు కాదు, 'ముందు' అను మాటకు మరియొక పేరు మాత్రమే. ఖాళీలు పూరించు పరీక్షలో ఈ ఇద్దరికిని ఒకే మార్కులు వచ్చును. ఈ తేడాను పట్టలేని పాఠమును, పట్టలేని పరీక్షను ఒకసారి విమర్శించి చూచుట అవసరము.

ఈ పాఠమునందు గుణములు లేకపోలేదు. ఇది చిన్నది, జ్ఞప్తియందుండును. ఖర్చు లేని పరికరమైన సూర్యుని ఆధారముగా గ్రహించినది. పైగా దీని వెనుక మిక్కిలి పురాతనమైన సంప్రదాయము కలదు. సంస్కృతమున 'పూర్వ' శబ్దమునకు ముందటిది అనియు, తూర్పు అనియు రెండర్థములు కలవు. 'పశ్చిమ' మనగా వెనుకటిది; పడమటిదియు నదియే. 'దక్షిణ' మనగా కుడి. దక్షిణ దిక్కును అదియే. తూర్పునకు మొగమై నిలిచిన మనుష్యుని శరీరమును బట్టియే ఈ పేర్లు ఏర్పడినవి. దేవుని కుడి వైపున నుంచుకొని చుట్టు తిరుగుటను ప్రదక్షిణ మనుటలో ఆ 'కుడి' యర్థము నేటికిని నిలిచియున్నది. ఇట్టి ప్రాచీన పద్ధతిని తేలికగా త్రోసివేయరాదు. కాని పెద్దలు ఒకప్పుడు పేర్లు పెట్టుకొనిన మార్గము వేరు, నేటి పసివానికి ఆ పేర్ల అర్థము బోధపడు మార్గము వేరు. ఆ రెండును ఒకటే యని భావించుట వలననే ఈ పాఠమున లోపములు చేరినవి.

మొదటి లోపము ఖగోళ సంబంధమైనది. సూర్యుడు సరిగా తూర్పున ఉదయించునది సంవత్సరమున రెండు సమయములందే. మార్చి 20, 21 తేదీల ప్రాంతమున ఒకటి, సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతమున మరియొకటి. మిగిలిన దినములలో ఉదయస్థానము తూర్పునకు ఉత్తరముగానో దక్షిణముగానో జరుగుచుండును. జూన్ 21 ప్రాంతమున హైదరాబాదులో సూర్యుడు తూర్పునకు సుమారు 24½ డిగ్రీలు ఉత్తరముగా ఉదయించును. డిసెంబరు 22 ప్రాంతమున అంతే దూరము దక్షిణముగా ఉదయించును. తిరుపతిలో ఈ దూరము సుమారు 24 డిగ్రీలు, ఆదిలాబాదులో 25 డిగ్రీలు. తూర్పునకును ఈశాన్యమునకును నడుమ నున్నది 45 డిగ్రీలే గదా! అందు సగము 22½. కావున జూన్ నెలలో మన సూర్యుడు తూర్పు కంటె ఈశాన్యమునకే కొంచెము దగ్గరగా ఉదయించును. వేసవి సెలవుల తరువాత బడులు తెరచునది సరిగా ఆ నెలలోనే. ఆ దినములలో పాఠమును అక్షరాలా పాటించి ఉదయసూర్యునికి ఎదురుగా నిలిచిన పిల్లవానికి నాలుగు దిక్కులును ఒక్కసారిగా 24 డిగ్రీలు తప్పిపోవును.

ఇంతటి సూక్ష్మము చిన్న పిల్లలకు చెప్పవలెనా యని సందేహము కలుగవచ్చును. చెప్పనక్కరలేదు; కాని తప్పు చెప్పకుండుట అవసరము. సూర్యుడు తూర్పు వైపున ఉదయించునని చెప్పుటలో దోషము లేదు. సూర్యుడున్న చోటే తూర్పు అని చెప్పినప్పుడు దోషము ప్రవేశించును. మొదటిది ప్రకృతిలో కనిపించు విషయము, రెండవది నిర్వచనము. బడి కిటికీ నుండి ఏడాది పొడవునను చూచిన పిల్లకు సూర్యుడు ఒకప్పుడు వేపచెట్టు పైనుండియు, మరియొకప్పుడు నీళ్ల ట్యాంకు పైనుండియు వచ్చుచుండుట తప్పక కనబడును. నిర్వచనమును నమ్మినచో ఆ పిల్ల, తన కన్నులనైన నమ్మరాదు, పాఠమునైన నమ్మరాదు. పరిశీలనకు పురస్కారము లభింపవలసిన చోట సందిగ్ధము లభించుచున్నది.

రెండవ లోపము ఇంతకంటెను లోతైనది. అది మాటల స్వభావమునకు సంబంధించినది. స్థానమును, దిశను తెలుపు మాటలను స్థూలముగా మూడు తెగలుగా విభజింపవచ్చును. లోపల, బయట, మీద, క్రింద అనునవి ఒక తెగ. ముంత మీద మూత యున్నదనుటకు చూచువాడు ఎటు తిరిగియున్నను ఒకటే. ముందు, వెనుక, కుడి, ఎడమ అనునవి రెండవ తెగ. మనిషి తిరిగినచో అవియు తిరుగును. కావున వీనిని తిరుగు మాటలనవచ్చును. తూర్పు, పడమర, ఉత్తరము, దక్షిణము మూడవ తెగ. మనిషి ఎన్ని చుట్లు తిరిగినను అవి భూమిని పట్టుకొని కదలక యుండును. ఇవి నిలుచు మాటలు. ఏటి ప్రవాహమును పట్టుకొని యుండు ఎగువ, దిగువలును ఈ కోవలోనివే.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థికి తరువాత తరగతులలో నిర్దేశ చట్రము అను భావన వచ్చును. ఒక వస్తువు ఎక్కడ నున్నదో, ఎటు కదలుచున్నదో చెప్పుటకు ముందు, దేనిని బట్టి చెప్పుచున్నామో నిర్ణయించుకొనవలెననుట ఆ భావనకు సారము. తిరుగు మాటలు శరీరమనెడి చట్రమును, నిలుచు మాటలు భూమి యనెడి చట్రమును ఆశ్రయించినవి. దిక్కుల పాఠము పసివానికి ఈ రెండు చట్రముల భేదమును మొదటిసారి చూపింపదగిన గొప్ప అవకాశము. కాని పాఠము చేయునదేమి? ఒక చట్రములోని నాలుగు మాటలను రెండవ చట్రములోని నాలుగు మాటలతో జతకట్టి, ఆ జతలను కంఠస్థము చేయించుచున్నది. ఆ జత ఒక్క నిలుకడయందే చెల్లును. కాలు కదిపిన మరుక్షణము చెల్లదు. ఈ చివరి వాక్యమే పాఠమునకు ప్రాణము. అదియే పాఠమున లేదు.

ఈ జతలలో కుడి, ఎడమలు పిల్లలకు ముందే తెలిసియుండునను నమ్మకము కూడ నిలువదు. స్విట్జర్లాండునకు చెందిన జీన్ పియాజే 1924లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును పరిశోధించెను. ఆయన గమనించిన క్రమము ఇది: ఐదు మొదలు ఎనిమిదేండ్ల నడుమ పిల్లలు తమ కుడి, ఎడమలను గుర్తింతురు. ఎదురుగా నిలిచిన మనిషి కుడిచేతిని సరిగా చూపుట ఇంచుమించు ఎనిమిదేండ్ల తరువాత సాధ్యమగును. వరుసగా ఉంచిన మూడు వస్తువులలో నడిమిది ఒకదానికి కుడి వైపునను, మరియొకదానికి ఎడమ వైపునను ఏకకాలమున నున్నదని గ్రహించుటకు పదునొకండు, పండ్రెండేండ్లు రావలెను. అమెరికాలో డేవిడ్ ఎల్‌కైండ్ 1961లో ఈ పరీక్షలను మరల చేసి ఇట్టి క్రమమునే కనుగొనెను. వయస్సులు దేశమును బట్టి, బోధనను బట్టి కొంత మారవచ్చును గాని, క్రమము ఆలోచింపదగినది. తన కుడి తెలిసినంత మాత్రమున కుడి యను మాట తెలిసినట్లు కాదు.

ఇక తరగతి గదిలో జరుగునది చూడుడు. ఉపాధ్యాయుడు పిల్లల వైపు తిరిగి, కుడిచేయి ఎత్తుడని తన కుడిచేయి ఎత్తును. ఆ చేయి పిల్లలకు ఎడమ వైపున కనబడును. చూచి నేర్చుకొను పిల్ల ఎడమచేయి ఎత్తును. విని నేర్చుకొను పిల్ల కుడిచేయి ఎత్తును. మొదటి పిల్లకు మందలింపు లభించును. నిజమునకు ఆ పిల్ల చేసినది అద్దము చేయుపనియే. ఉపాధ్యాయుడు పిల్లలకు వీపు చూపి నిలిచినచో ఈ చిక్కు సగము తీరును. ఇంత చిన్న సూచనయైనను పాఠములో చేరవలసియున్నది.

సరియైన సమాధానము సరియైన జ్ఞానమునకు గుర్తు కాకపోవచ్చునని చూపిన పరిశోధన మరియొకటి కలదు. ఈవ్ క్లార్క్ 1973లో ఒకటిన్నర మొదలు ఐదేండ్ల వరకు గల ఆంగ్ల బాలురను పరీక్షించెను. ఒక వస్తువును లోపల, మీద, క్రింద పెట్టుమని చెప్పినప్పుడు మిక్కిలి చిన్నవారు మాటను బట్టి కాక వస్తువును బట్టి నడచుకొనిరి. ఎదుట పెట్టె యున్నచో లోపల వేసిరి. బల్ల యున్నచో మీద నుంచిరి. పెట్టె 'లోపల' పెట్టుమన్నప్పుడు వారి పని సరియైనట్లే కనబడెను. కాని బల్ల 'క్రింద' పెట్టుమన్నప్పుడు గుట్టు బయటపడెను. మన దిక్కుల పాఠమునకును ఇదే వర్తించును. తరగతిలో బల్లలెప్పుడును ఒకే వైపునకు వేయబడియుండును. తూర్పు అనగా కిటికీ గోడయని, ఉత్తరమనగా బోర్డు గోడయని పిల్లలు గుర్తు పెట్టుకొందురు. గది మారినచో దిక్కులును మారిపోవును.

ముందు, వెనుక అను మాటలును కనబడునంత సులభములు కావు. 1979లో జాన్‌స్టన్, స్లోబిన్ అను పరిశోధకులు ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కిష్ భాషలు మాటలాడు చిన్న పిల్లలను పరిశీలించిరి. లోపల, మీద, క్రింద, ప్రక్కన అను భావములు ముందుగా వచ్చినవి. నడుమ అను భావమును, ముఖము వీపు గల వస్తువుల ముందు వెనుకలును తరువాత వచ్చినవి. ముఖము లేని వస్తువుల ముందు వెనుకలు అన్నిటికంటె ఆలస్యముగా వచ్చినవి. కారణము తెలుగు ఉదాహరణలతోనే గ్రహింపవచ్చును. బస్సునకు ముందు భాగము కలదు. 'బస్సు ముందు నిలువకు' మన్నచో ఎక్కడనో తెలియును. చింతచెట్టునకు ముందేది? చెట్టునకును చూచువానికిని నడుమ నున్న చోటును పెద్దలు 'చెట్టు ముందు' అందురు. చూచువాడు అవతలికి పోయినచో ఆ చోటే 'చెట్టు వెనుక' యగును. పైగా తెలుగున 'ముందు' కాలమును గూడ తెలుపును. 'ముందు చెప్పితిని' అన్నచో గడచినది; 'ముందు ముందు తెలియును' అన్నచో రాబోవునది. ఇన్ని అర్థములు మోయుచున్న మాటను పునాదిగా వేసి దాని మీద తూర్పును నిలుపుట గట్టి కట్టడము కాదు.

శరీరమును బట్టి చెప్పు మాటలు సహజముగా తేలికయనియు, భూమిని బట్టి చెప్పునవి కష్టమనియు ఈ పాఠము అనుకొనుచున్నది. ఇది మూడవ లోపము. ప్రపంచభాషలు దీనిని సమర్థింపవు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున గూగు యిమిథిర్ అను భాష కలదు. 1770లో కెప్టెన్ కుక్ ఓడ మరమ్మతునకై ఆగినప్పుడు విని వ్రాసికొనిన 'కంగారు' అను మాట ఆ భాషలోనిదే. ఆ భాషలో సంప్రదాయముగా కుడి, ఎడమలు చేతుల పేర్లకే పరిమితములు. వస్తువు ఎక్కడ నున్నదో చెప్పుటకు వారు దిక్కులనే వాడుదురు. నెదర్లాండ్సులోని మాక్స్ ప్లాంక్ మానసిక భాషాశాస్త్ర సంస్థకు చెందిన స్టీఫెన్ లెవిన్సన్ వారితో ఒక పరీక్ష జరిపెను. బల్ల మీద బొమ్మలను వరుసగా చూపి, మనిషిని వెనుకకు త్రిప్పి, వేరొక బల్ల మీద అట్లే అమర్చుమనుట ఆ పరీక్ష. డచ్చి భాష మాటలాడువారు కుడి ఎడమలు చెడకుండ అమర్చిరి. గూగు యిమిథిర్ వారిలో అధికులు ఉత్తర దక్షిణములు చెడకుండ అమర్చిరి.

మెక్సికోలోని తెనెహాపా కొండ ప్రాంతమున త్సెల్తాల్ భాష మాటలాడువారు 'ఎగువకు', 'దిగువకు' అను మాటలను చదునైన బల్ల మీది వస్తువులకును వాడుదురు. వారి కొండ దక్షిణమున ఎత్తుగాను ఉత్తరమున పల్లముగాను ఉండుటచే ఎగువ యనగా దక్షిణము. అచ్చటి పసివారు బడి యీడునకు ముందే ఈ మాటలు వాడ మొదలిడుదురు. పియెర్ దాసెన్, రమేశ్ మిశ్రా 2010లో ప్రకటించిన గ్రంథమున బాలి, నేపాల్, వారణాసి, జెనీవా పిల్లలను పోల్చి చూచిరి. దిక్కుల మాటలు ఇంటను వీధిని వినబడు చోట్ల పిల్లలు వానిని చక్కగా వాడుదురని ఆ పరిశోధనల వలన తెలియుచున్నది.

దీనికై అంత దూరము పోనక్కర లేదు. తెలుగు పల్లెలలో 'తూర్పు చేను', 'పడమటి వీధి', 'దక్షిణపు గోడ' అను మాటలు నిత్యము వినబడును. ఈశాన్యపు మూల, నైరుతి మూల ఇల్లు కట్టువారి నోట నలుగును. అట్టి ఇంట పెరిగిన పిల్లకు తూర్పు ఏదో సూర్యుని చూడకయే తెలిసియుండవచ్చును. రైతు ఇంట కుడి ఎడమలకును వేరు మాటలు కలవు. కాడికి కట్టిన ఎడ్లలో ఎడమది దాపటి ఎద్దు, కుడిది వలపటి ఎద్దు. ఎడ్లు ఎటు తిరిగినను దాపటిది దాపటిదే. అనగా ఆ యింటి పిల్లవాడు, కుడి ఎడమలు చూచువానివి మాత్రమే కాక ఎద్దుల జతకును ఉండునని బడికి రాకమునుపే ఎరుగును. పియాజే పరీక్షలో ఆలస్యముగా వచ్చు భావమునకు ఇది మంచి మెట్టు. పాఠము ఈ పిల్లలను ఏమడుగుచున్నది? తెలిసిన దిక్కును ప్రక్కన బెట్టి, సందేహముగా నున్న కుడి ఎడమల నుండి దానిని మరల కట్టుకొని రమ్మనుచున్నది. ఇంట సంపాదించిన జ్ఞానము బడిలో లెక్కకు రాకపోవుట ఆ పిల్లలకు నష్టము, బడికిని నష్టము.

కుడి ఎడమలను చెప్పు తీరులో మరియొక కష్టము దాగియున్నది. అన్నము తిను చేయి కుడిచేయి, వ్రాయు చేయి కుడిచేయి అని చెప్పుట వాడుక. మనుష్యులలో నూటికి సుమారు పదిమందికి ఎడమచేతి వాటము ఉండును. అట్టి పిల్ల వ్రాయునది ఎడమచేతితో. పాఠమును నమ్మినచో ఆ చేతినే కుడియనవలెను. తప్పని గద్దించినచో ఆ పిల్లకు తెలియునది కుడి ఎడమల భేదము కాదు. తన చేయి తప్పు చేయి యని. పుర్రచేయి యను ఎగతాళికి పాఠము తోడుకావలసిన పని లేదు. మణికట్టునకు రంగుదారము కట్టి, 'ఇది కుడి' యని చెప్పినచో ఎవరి మనస్సును నొవ్వదు.

నాలుగవ లోపము కాగితము మీదను, గోడ మీదను కనబడును. దేశపటమును గోడకు వ్రేలాడదీసి, పైన ఉత్తరము, క్రింద దక్షిణము అని చెప్పుదురు. 'పైన' అను మాట పిల్లవానికి అదివరకే తెలిసినది. అది ఆకాశము వైపు. కావున ఉత్తరమనగా ఎత్తు అని గ్రహించును. గోడ దక్షిణపు గోడయైనచో కష్టము రెట్టించును. పటములోని ఉత్తరపు కొన ఆకాశమును చూపుచుండగా, నిజమైన ఉత్తరము పిల్లవాని వీపు వెనుక నుండును. నోటుపుస్తకమునను ఇంతే. బల్ల మీద పరచిన పుట యందు 'పై గీత' యనగా నిజమునకు దూరపు గీత. 'క్రింది గీత' యనగా దగ్గరి గీత. ఇట్టి వాడుకలను పెద్దలు ఎన్నడో దాటివచ్చిరి గనుక అవి కష్టములని వారికి తోచదు. పటమును మొదట నేల మీద పరచి, దాని ఉత్తరమును నిజమైన ఉత్తరమునకు త్రిప్పి, పిల్లలను చుట్టు కూర్చుండబెట్టి చూపవలెను. గోడ ఎక్కుట తరువాతి పని.

గాలుల పేర్ల దగ్గర మరియొక చిక్కు వచ్చును. నైరుతి ఋతుపవనము నైరుతి నుండి వచ్చునది, నైరుతికి పోవునది కాదు. రైలు మాత్రము ఉత్తరమునకు పోవుచున్నదందురు. గాలికి వచ్చిన దిక్కు, బండికి పోవు దిక్కు పేరగుట మాటల వాడుకయే గాని ప్రకృతి నియమము కాదు. ఈ వాక్యమును ఒక్కసారి స్పష్టముగా చెప్పినచో పిల్లలు సులభముగా గ్రహింతురు. చెప్పనిచో పటములోని బాణములను తలక్రిందులుగా గీయుదురు.

ఇన్ని దోషములు చూపిన పిమ్మట మేలైన పాఠమెట్లుండవలెనో చెప్పుట న్యాయము. మొదట లోపల, బయట, మీద, క్రింద, నడుమ అను మాటలను ఆటలతో నేర్పవలెను. ఆ ఆటలలో అసహజమైన ఆజ్ఞలును ఉండవలెను. గిన్నె క్రింద గోళీ పెట్టుమన్నప్పుడే మాట విన్నదీ లేనిదీ తెలియును. తరువాత తన శరీరపు కుడి ఎడమలు. ఆ తరువాత నిలుచు మాటలు; వీనిని మొదట కుడి ఎడమలతో ముడిపెట్టక, ఊరిలోని స్థిరమైన గుర్తులతో ముడిపెట్టవలెను. చెరువు తూర్పున, కొండ ఉత్తరమున, రైలుకట్ట పడమట అని ఏ ఊరి పాఠము ఆ ఊరిదే కావలెను. విశాఖపట్నపు పిల్లలకు సముద్రము కంటె మంచి గుర్తు ఏది?

దిక్కులను ఖచ్చితముగా కనుగొనుటకు మన పూర్వులు వాడిన శంకువును మించిన పరికరము బడికి అక్కరలేదు. కాత్యాయన శుల్బసూత్రములందు ఈ పద్ధతి కలదు. చదునైన నేల మీద 50 సెంటీమీటర్ల కర్రను నిలువుగా పాతి, దాని చుట్టు 30, 45, 60 సెంటీమీటర్ల వ్యాసార్ధములతో వృత్తములు గీయవలెను. ఉదయమున నీడ కొన ఒక వృత్తమును తాకి లోనికి వచ్చు చోట ఒక గుర్తు, మధ్యాహ్నము తరువాత అదే వృత్తమును తాకి వెలుపలికి పోవు చోట ఇంకొక గుర్తు పెట్టవలెను. రెండు గుర్తులను కలుపు గీతయే తూర్పు పడమరల గీత. ఉదయసూర్యుడు ఏ నెలలో ఎంత జరిగినను ఈ గీత చెదరదు. మధ్యాహ్నమునకు ముందును వెనుకను సూర్యుడు సమానమైన ఎత్తున నున్నప్పుడు నీడల పొడవులు సమానములగుటయే దీనికి కారణము.

ఈ కర్రయే మరియొక వింతను చూపును. ఒక మీటరు కర్ర నీడ హైదరాబాదులో జూన్ 21న నడిమధ్యాహ్నమందు సుమారు 10 సెంటీమీటర్లే యుండి దక్షిణమునకు పడును. డిసెంబరు 22న సుమారు 86 సెంటీమీటర్లుండి ఉత్తరమునకు పడును. మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు అచ్చటి నడిమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. చలిదేశముల పుస్తకములందు మధ్యాహ్నసూర్యుడు ఎల్లప్పుడును దక్షిణముననే యుండునని చదివిన వారికి ఇది ఆశ్చర్యము గొలుపును. మబ్బులు లేని దినమున ఆరుబయట నిలిచిన మూడవ తరగతి పిల్లకు మాత్రము ఇది కంటికి కనబడిన సత్యము.

నేల మీద ఆ గీత నిలిచిన తరువాతనే పాత పాఠమును చెప్పవలెను. అప్పుడు పిల్లలను గీత మీద తూర్పు మొగముగా నిలిపి ఉత్తరము ఏ చేతి వైపున నున్నదని అడుగవలెను. పిదప పడమటి మొగముగా త్రిప్పి మరల అడుగవలెను. ఉత్తర మొగముగా, దక్షిణ మొగముగా త్రిప్పి మరల అడుగవలెను. చేతులు మారుచుండును, ఉత్తరము మారదు. ఈ మారుటను మారకపోవుటను పిల్లలు తమంతట తాము కనుగొని చెప్పిన దినముననే దిక్కుల పాఠము పూర్తియైనట్లు.

దీనికి కావలసినది ఒక కర్ర, ఒక త్రాడు, ఒక యెండ దినము. అంతకంటె కష్టమైనది పరీక్షను మార్చుట. ఖాళీ పూరించినవానికి మార్కు ఇచ్చుట తేలిక. పిల్లవానిని త్రిప్పి నిలిపి అడుగుటకు ఓర్పు కావలెను. కాని దారి తప్పిన పిల్లకు, రోడ్డు దాటు పిల్లకు వల్లించిన వాక్యము తోడు రాదు. మన దేశమున వాహనములు రోడ్డునకు ఎడమ ప్రక్కన నడచును గనుక, దాటువాడు మొదట తన కుడి వైపు చూడవలెను. అవతలి నుండి తిరిగి వచ్చునప్పుడును మొదట కుడి వైపే చూడవలెను. అయితే పోవునప్పుడు ఆ కుడి తూర్పయినచో వచ్చునప్పుడు పడమర యగును. పాఠమున కంఠస్థము చేసిన జత అచ్చట పనికిరాదు. తిరుగు మాట ఏదో, నిలుచు మాట ఏదో ఎరిగిన పిల్ల మాత్రమే ఆ రోడ్డును నిశ్చింతగా దాటును.